లువో వాళ్ల చేదు ఆకుకూరలు వండడం ఎలా: డెక్, ఒసుగా, అపోత్

ఈ కూరల గురించి రెండు ప్రశ్నలు పదే పదే వస్తున్నాయి. మొదటిది కెన్యాలో ఉంటున్న మనవాళ్లది: "బజార్లో కట్టలుగా అమ్ముతున్న నాటు ఆకులు తెచ్చి తోటకూర వేపుడు లాగే చేశాం. చేదుతో నోట పెట్టలేకపోయాం. ఎక్కడ తప్పు జరిగింది?" రెండోది ఇక్కడున్నవాళ్లది: "వామింట, కామంచి మన చేలగట్ల మీద కూడా ఉన్నాయి కదా, వాటిని అక్కడివాళ్లలా వండుకోవచ్చా?"

వండుకోవచ్చు. కెన్యాలో విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుము, సియాయా, హోమా బే, మిగోరి ప్రాంతాల్లో ఉండే లువో ప్రజలకు ఆకుకూర లేని భోజనం అరుదు. ఆకుకూరను వాళ్లు "అలోట్" అంటారు, సంకటిని "కువోన్" అంటారు. వాళ్లు తినే ఆకుల్లో సగం చేదువే. ఆ చేదును విరవడానికి మూడు ఉపాయాలు వాడతారు: చేదు ఆకులో చప్పటి ఆకు కలపడం, సన్న సెగ మీద నిదానంగా ఉడికించడం, పాలు పోయడం. వేపుడు చేసినవాళ్లు ఈ మూడూ వదిలేశారు, అందుకే చేదొచ్చింది. నీళ్లు మార్చి మార్చి ఉడకబెట్టి పారబోస్తే చేదు పోతుంది గానీ దాంతోపాటు విటమిన్ సి, ఫోలేట్ కూడా పోతాయి. 

ముందు ఆకు గుర్తుపట్టండి

ఈ భాగం వదిలేసి వంటకు వెళ్లొద్దు, ముఖ్యంగా చేలో కోసుకునేవాళ్లు.

డెక్: మన వామింటే. నైరోబీ బజార్లో "సాగా" అని అడగండి. ఒక్కో కాడకు అయిదు చిన్న ఆకులు చేతి వేళ్లలా విచ్చుకుని ఉంటాయి, కొన్నిటికి మూడే ఉంటాయి. కాండం పచ్చగానో ఊదాగానో ఉంటుంది, సన్నటి నూగు వల్ల పట్టుకుంటే కాస్త జిగటగా తగులుతుంది. నలిపితే ఆవాల ఘాటు వస్తుంది. పూలు తెల్లవి, కేసరాలు పొడవుగా బయటికి పొడుచుకుని ఉంటాయి. పసుపు పూలు ఉంటే అది కుక్కవామింట, వేరే మొక్క. ఈ పద్ధతికి దాన్ని వాడకండి.

ఒసుగా: కామంచి జాతి, నైరోబీలో "మనాగు". చిన్న చిన్న తెల్లటి నక్షత్రం లాంటి పూలు, మధ్యలో పసుపు మొన. కాయలు గుత్తులుగా వేలాడతాయి, రకాన్ని బట్టి పండితే నల్లగానో నారింజ రంగులోనో అవుతాయి. పచ్చికాయలు ఎట్టి పరిస్థితిలోనూ కూరలో పడకూడదు. వాటిలో ఉండే విషపదార్థం ఉడికించినా పూర్తిగా పోదు. ఉమ్మెత్త లేత మొక్కను కామంచి అనుకుని కోసే ప్రమాదం ఉంది. ఉమ్మెత్తకు పొడవాటి బూర లాంటి పూలు, ముళ్ల కాయలు ఉంటాయి. కాబట్టి పూతో కాయో కనబడని అడవి మొక్క జోలికి వెళ్లకండి. లేతగా కోసుకోవాలంటే బజారు కట్ట గానీ మీరు విత్తనం వేసి పెంచిన మొక్క గానీ మాత్రమే.

అపోత్: జనపనార మొక్క జాతి, మన పల్లెల్లో పరింట అంటారు. కెన్యా బజార్లలో "మ్రెండా". ఆకు మొదట్లో రెండు వైపులా దారంలాంటి రెండు తోకలు ఉంటాయి. దీన్ని పట్టించే గుర్తు అదే. ఉడికితే బెండకాయలా జిగురు వస్తుంది, చేదు ఉండదు. కాయలు, గింజలు విషం, ఆకులు మాత్రమే తీసుకోండి.

బో: బొబ్బర్ల ఆకు, అక్కడ "కుండే". చప్పటి ఆకు. చేదు కూరలకు జోడీ.

ఒడోడో: తోటకూర జాతులన్నీ. సుసా: గుమ్మడి ఆకు, పై నార ఒలిచి వాడతారు. ఇవి రెండూ మనకు కొత్త కాదు.

మిటో గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇది జనుము కుటుంబంలోని ఆఫ్రికా మొక్క, ఒక్కో కాడకు మూడు సన్నటి ఆకులు. లువో వాళ్లకు చాలా ఇష్టం. కెన్యాలో ఉంటే బజార్లో కొని వండుకోండి. కానీ "అదే జాతి కదా" అని మన జనుము ఆకో, చేలగట్ల మీది గిలిగిచ్చ ఆకో తెచ్చి వండకండి. ఆ జాతిలో చాలా మొక్కల్లో కాలేయాన్ని దెబ్బతీసే పదార్థాలు ఉంటాయి. ఒక్కసారి తింటే ఏమీ తెలియదు, అదే దీనిలోని ప్రమాదం. మిటో దొరకని చోట దాని బదులు ఏ మొక్కా వద్దు, బొబ్బర్ల ఆకు వేసుకోండి.

కొనేటప్పుడు

కిసుములో కిబుయె బజారుకు వెళ్లినా, నైరోబీలో మామూలు కూరగాయల దుకాణానికి వెళ్లినా, కట్ట మధ్యలోకి వేళ్లు పెట్టి చూడండి. పైన తాజాగా, లోపల వేడిగా, తడిగా ఉంటే ఆకు ఉడుకెక్కింది, రేపటికి నల్లబడుతుంది. డెక్ కట్టలో పూమొగ్గలు ఎక్కువగా ఉంటే వదిలేయండి. పూత మొదలయ్యాక ఆకు చిన్నదవుతుంది, చేదు ముదురుతుంది. కాడ విరిచి చూడండి: టక్కున విరిగితే లేత, నార సాగితే ముదురు.

మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిన్న వానలు అక్కడ. ఆ నెలల్లో దొరికే ఆకు మెత్తన, ఎండాకాలం ఆకు చేదు. ఎండాకాలంలో ఇదే వంటకు చప్పటి ఆకు వంతు పెంచుకోవాలి.

చేలో కోసుకునేవాళ్లు రోడ్డు పక్కన, మురుగు కాలువ గట్టున, కలుపు మందు కొట్టిన చేలో కోయకండి. మందు కొట్టిన రెండు మూడు రోజులు ఆకు పచ్చగానే కనబడుతుంది. చేను వాళ్లను అడిగి తెలుసుకోండి.

ఒకటో వంట: పాలు పోసిన డెక్ కూర

నలుగురికి కావలసినవి:

- వలిచిన డెక్ ఆకు 400 గ్రాములు (కట్టలో దాదాపు సగం కాడే పోతుంది, కాబట్టి 800 గ్రాముల పైనే కొనండి)
- బొబ్బర్ల ఆకు 200 గ్రాములు, లేకపోతే తోటకూర
- నీళ్లు 1 లీటరు
- కాచి చల్లార్చిన చిక్కటి పాలు 300 మిల్లీలీటర్లు
- మీగడ 3 చెంచాలు, నెయ్యి 1 చెంచా
- ఉల్లిపాయ ఒకటి, ఉప్పు తగినంత

మట్టికుండ గానీ స్టీలు గిన్నె గానీ తీసుకోండి. ఇనుప మూకుడులో చేస్తే కూర నల్లబడుతుంది.

1. ఆకు వలవండి. కాడ తీసేసి ఆకు, లేత చివర్లు మాత్రమే ఉంచండి. పూలు, మొగ్గలు, సన్నటి కాయలు అన్నీ తీసేయండి. ఈ పని విసుగు, కానీ కూర చేదు సగం ఇక్కడే తేలిపోతుంది. ఒక గుప్పెడు మొగ్గలు పడితే మొత్తం గిన్నె చేదవుతుంది.

2. తరగకముందే కడగండి. తరిగాక కడిగితే సారం నీళ్లపాలు. వెడల్పు గిన్నెలో ఆకు ముంచి, పైకి ఎత్తి తీయండి, నీళ్లను ఆకుతో సహా వంచేయకండి, ఇసుక తిరిగి ఆకులోకే వస్తుంది. మూడో నీళ్ల తర్వాత గిన్నె అడుగు వేలితో తడమండి. గరుకు తగిలితే మరో నీళ్లు.

3. డెక్ ఒక్కటే ముందు ఉడికించండి. నీళ్లు తెర్లుతుండగా ఆకు వేయండి, మూత వద్దు. మొదటి అయిదు నిమిషాలు ఘాటు వాసన వస్తుంది, అది పోవాలంటే మూత తీసి ఉంచాలి. తర్వాత మంట తగ్గించి ఇంకో 15 నిమిషాలు.

4. ఇప్పుడు ఆ నీళ్లు ఒక చెంచా తీసి చల్లార్చి రుచి చూడండి. కాకరకాయ చేదులో సగం ఉంటే ఏమీ చేయొద్దు, పాలు చూసుకుంటాయి. నాలుక ముడుచుకునేంత ఉంటేనే సగం నీళ్లు వంచేయండి. మొత్తం వంచేయాల్సి వచ్చిందంటే ఆకు ముదురు, ఈసారి కట్ట మార్చండి.

5. బొబ్బర్ల ఆకు తరిగి వేయండి. పది నిమిషాలు. తోటకూర అయితే ఆరు నిమిషాలు చాలు. ఒసుగా దొరికితే ముందే డెక్ కొంత తగ్గించుకుని, దాని బదులు ఇప్పుడు అది వేయొచ్చు, అది కూడా పది నిమిషాలే. డెక్, ఒసుగా, మిటో మూడూ చేదువి కాబట్టి వాటి మొత్తం మూడింట రెండు వంతులు దాటకూడదు. కొత్తగా తినేవాళ్లు సగం సగంతో మొదలుపెట్టండి.

6. నీళ్లు ఇగరనివ్వండి. గరిటెతో ఆకు పక్కకు తోస్తే అడుగున తడి కనబడాలి, మడుగు కట్టకూడదు. పిండకండి.

7. వేరే గిన్నెలో నెయ్యి వేడిచేసి ఉల్లిపాయ మెత్తబడేదాకా మగ్గించండి, ఎర్రగా వేయించొద్దు. ఆకు వేసి కలపండి.

8. పాలు మూడు విడతలుగా పోయండి. మంట బాగా తగ్గించాలి. మొదటి 100 మిల్లీలీటర్లు పోసి, ఆకు పీల్చుకునేదాకా కలుపుతూ ఉండండి, ఆ తర్వాతే రెండో విడత. ఒకేసారి పోస్తే పాలు వేరుగా, ఆకు వేరుగా నిలిచిపోతాయి, చేదు తగ్గదు. మొత్తం 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది.

9. మీగడ, ఉప్పు చివర్లో. దించి పావుగంట మూతపెట్టి ఉంచండి.

ఒక రాత్రి నిలవ ఉంచి, మర్నాడు మళ్లీ కాసిని పాలు పోసి కాచుకుని తినడం అక్కడి అలవాటు. రుచి నిజంగానే మారుతుంది, చేదు ఇంకా కుదురుకుంటుంది. పాత పద్ధతిలో కుండను పొయ్యి పక్కనే ఉంచి మళ్లీ మళ్లీ కాచేవాళ్లు. మన ఎండల్లో వంటింటి గట్టు మీద రాత్రంతా వదలొద్దు. చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు నడుమ బుడగలు వచ్చేదాకా కాచండి. రెండో రోజు దాటి ఉంచకండి.

*పాలు వద్దనుకునేవాళ్లకు:* వేయించిన పల్లీలు గానీ నువ్వులు గానీ మెత్తగా నూరి, అరకప్పు ముద్దను గోరువెచ్చటి నీళ్లలో కలిపి ఎనిమిదో మెట్టులో పాల బదులు పోయండి. నువ్వులు లువో వంటలోనూ ఉన్నవే. అడుగంటే గుణం పల్లీ ముద్దకు ఎక్కువ, గరిటె ఆపకండి.

*కూర కుదిరిందా లేదా చూడడం:* ఒక ఆకు వేళ్ల మధ్య నలపండి, నార తగలకుండా మెత్తగా చితకాలి. గిన్నె వంచితే తెల్లటి పాలు విడిగా జారకూడదు, ఆకును అంటిపెట్టుకుని ఉండాలి. రుచిలో ముందు పాల తీపి, మింగాక వెనక నుంచి సన్నటి చేదు రావాలి. చేదు బొత్తిగా లేకపోతే మీరు నీళ్లు ఎక్కువ పారబోశారన్నమాట.

రెండో వంట: అపోత్, బొబ్బర్ల ఆకు

దీని తీరు వేరు. ఇక్కడ చేదు సమస్య లేదు, జిగురు కుదరడమే సంగతి.

అపోత్ ఆకు 300 గ్రాములు, బొబ్బర్ల ఆకు 150 గ్రాములు, నీళ్లు అర లీటరు, చిన్న టమాటా ఒకటి, ఉల్లిపాయ సగం, ఉప్పు. వీటితో పాటు చిటికెడు క్షారం.

క్షారం అంటే ఏమిటో చెప్పాలి. బొబ్బర్ల పొట్టు, చిక్కుడు పొట్టు లాంటివి కాల్చిన బూడిదలో నీళ్లు పోసి, వడగట్టిన తేటను అక్కడ కూరల్లో వాడతారు. కెన్యాలోనే ఉన్న మగాది సరస్సు నుంచి వచ్చే సోడా గడ్డను కూడా వాడతారు. అది బజార్లో దొరుకుతుంది. మన ఇళ్లలో వంటసోడా చాలు. ఆకు త్వరగా మెత్తబడుతుంది, పచ్చదనం నిలుస్తుంది. కానీ క్షారం విటమిన్లను పాడుచేస్తుంది కాబట్టి చేయి తగ్గించే వేయాలి.

బూడిద తేట చేసుకోవాలంటే: రంగు వేయని, మందు కొట్టని ఎండు పొట్టు కాల్చి చల్లార్చండి. అడుగున సన్న చిల్లులున్న గిన్నెలో పలుచటి గుడ్డ పరిచి, రెండు గుప్పెళ్ల బూడిద వేసి, రెండు గ్లాసుల నీళ్లు నిదానంగా పోయండి. కిందికి దిగిన గోధుమరంగు తేటలో రెండు చెంచాలు ఈ కూరకు సరిపోతుంది. అల్యూమినియం గిన్నెలో పట్టకండి, క్షారం దాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ కాలిన పొయ్యి బూడిద అసలు ముట్టుకోవద్దు.

1. నీళ్లు మరిగించి, వంటసోడా ఒక టీస్పూనులో ఎనిమిదో వంతు వేయండి. అంతకు మించొద్దు.
2. తరిగిన బొబ్బర్ల ఆకు వేసి 8 నిమిషాలు, మూత లేకుండా.
3. అపోత్ ఆకు సన్నగా తరిగి వేయండి. పప్పుగుత్తితో గానీ కవ్వంతో గానీ చిలుకుతూ 6 నుంచి 7 నిమిషాలు. చిలకకపోతే జిగురు గడ్డలు గడ్డలుగా ఉంటుంది.
4. టమాటా, ఉల్లిపాయ, ఉప్పు వేసి మరో 4 నిమిషాలు. నూనె వేయాలనుకుంటే ఇప్పుడు, ముందు కాదు. ముందే వేస్తే జిగురు సాగదు.

గరిటె ఎత్తి చూడండి. కూర తెగకుండా తీగలా జారితే అయిపోయినట్టు. నీళ్లలా పడితే ఇంకో రెండు నిమిషాలు చిలకండి. సబ్బు రుచి వస్తే సోడా ఎక్కువైంది. ఇంకో టమాటా వేయండి, పూర్తిగా పోదు గానీ తినేటట్టు అవుతుంది.

దేనితో తినాలి

అక్కడ కువోన్‌తో. మొక్కజొన్న పిండిది మామూలు, జొన్న పిండిదీ రాగి పిండిదీ కూడా చేస్తారు. మనకు రాగి సంకటి, జొన్న సంకటి సరిగ్గా సరిపోతాయి. సంకటి గట్టిగా ఉండాలి, ముద్దలో బొటనవేలితో గుంట చేసి దాంతో కూర ఎత్తుకోవాలి. పక్కన సరస్సులో దొరికే చిన్న ఎండు చేపలు, "ఒమెనా", వేయించి పెడతారు. మన ఎండు నెత్తళ్లు ఆ పని చేస్తాయి. అన్నంలో కూడా బాగానే ఉంటుంది, పాల కూర కాస్త వదులుగా దించుకోండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పాలు విరిగిపోవడం గురించి చాలామంది అడుగుతారు. కారణాలు మూడు: కూరలో టమాటా ఉండడం, మంట పెద్దగా ఉండడం, పచ్చి పాలు వాడడం. పాల కూరలో టమాటా, చింతపండు, నిమ్మ వేయొద్దు. విరిగినా కూర పాడైనట్టు కాదు, రెండు చెంచాల పల్లీ ముద్ద కలిపితే సర్దుకుంటుంది. నిమ్మరసం కావాలంటే అపోత్ కూర మీద, అదీ కంచంలో, పిండుకోండి.

ప్రెషర్ కుక్కర్ వాడొచ్చా? వద్దు. డెక్ ఘాటు బయటికి పోయే దారి లేక లోపలే ఉండిపోతుంది, చేదు కూడా అలాగే నిలుస్తుంది.

ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి తాలింపు పెట్టడం తప్పేమీ కాదు. కానీ మొదటిసారి తాలింపు లేకుండా తిని చూడండి. మిరప ఘాటు, డెక్ ఘాటు కలిస్తే పాల రుచి తెలియదు.

రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచే ముందు డాక్టరును అడగండి, వీటిలో విటమిన్ కె చాలా ఎక్కువ. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు తోటకూర బదులు బొబ్బర్ల ఆకు వేసుకోండి.

దొరకకపోతే పెంచుకోండి

ఇరవై ముప్ఫై ఏళ్ల కిందట ఈ ఆకులంటే కెన్యా పట్టణాల్లో పేదవాళ్ల తిండి అన్న చిన్నచూపు ఉండేది. జోమో కెన్యాట్టా వ్యవసాయ, సాంకేతిక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ మేరీ అబుకుట్సా ఒన్యాంగో లాంటివాళ్లు విత్తనాల మీద, పోషకాల మీద చేసిన పని వల్ల ఇవి సూపర్ మార్కెట్ల దాకా వచ్చాయి. సంప్రదాయ తిండిని కాపాడుకోవడంలో కెన్యా చేసిన కృషిని 2021లో యునెస్కో మంచి ఆచరణల జాబితాలో చేర్చింది. మన దగ్గర వామింటకు ఆ గౌరవం రావాల్సే ఉంది. కలుపని పీకి పారేస్తున్నాం.

డెక్‌ను కుండీలో పెంచడం తేలిక, ఒక్క చిక్కు తప్ప: తాజా విత్తనం సరిగా మొలవదు. కాయ కోశాక కనీసం మూడు నెలలు, వీలైతే ఆరు నెలలు పొడి సీసాలో ఉంచి వేయండి. మొలవలేదని రాసేవాళ్లలో చాలామంది ఆ నెలే కోసిన విత్తనం వేసినవాళ్లే.

1. బాగా మాగిన పశువుల ఎరువు మూడో వంతు కలిపిన మట్టి తీసుకోండి. నీళ్లు నిలవకూడదు, తడి ఎక్కువైతే వేరు కుళ్లుతుంది.
2. విత్తనాన్ని రెట్టింపు ఇసుకతో కలిపి సెంటీమీటరు లోతు మించకుండా గీతలో వేయండి. లోతుగా వేస్తే పైకి రాదు. వెచ్చటి వాతావరణం కావాలి, చలికాలంలో మొలక నిదానం.
3. రెండు మూడు ఆకులు వచ్చాక 15 సెంటీమీటర్లకు ఒక మొక్క ఉంచి మిగతావి పీకేయండి. పీకినవి కూరలో వేయండి, వాటంత లేత డెక్ మళ్లీ దొరకదు.
4. నాలుగో వారంలో తల తుంచండి. తుంచకపోతే మొక్క నేరుగా పూతకు వెళ్తుంది. ఆ తర్వాత వారానికోసారి పక్క కొమ్మలు తుంచుతూ, కనబడిన మొగ్గల్లా తీసేస్తూ ఉంటే నెలకు పైగా ఆకు ఇస్తుంది.
5. విత్తనానికి రెండు మొక్కలు ముట్టుకోకుండా వదలండి. సన్నటి కాయలు పసుపు తిరగగానే కోయాలి. పూర్తిగా ఎండేదాకా ఆగితే చెట్టు మీదే పగిలి గింజ రాలిపోతుంది. కాగితం మీద నీడలో ఆరబెట్టి, సీసా మీద కోసిన నెల రాసి పెట్టుకోండి.